పెరట్లో కాస్కేడ్ హాప్స్: ఏళ్ల తరబడి పెంచి, బీరు కాచి, రుచి చూశాక నా మాట

హాప్స్ అంటే బీరుకు చేదు, వాసన ఇచ్చే పూల తీగ. అందులో కాస్కేడ్ అనే రకం పెరట్లో నాటి చాలా ఏళ్లయింది. ఏటా కోస్తున్నాను, ఆ పూలతో బీరు కాస్తున్నాను, బయట దొరికే క్రాఫ్ట్ బీర్లను (చిన్న తయారీదార్లు కాచేవి) పక్కన పెట్టుకుని పోల్చి చూస్తున్నాను. అసలు సంగతి ముందే చెప్పేస్తాను. వాసన కోసమైతే ఇంట్లో హాప్స్ పెంచడం నూటికి నూరుపాళ్లూ చేయాల్సిన పని. చేదు కోసమే అయితే ప్యాకెట్ కొనుక్కోవడం మేలు.

ఎందుకంటే బీరుకు చేదు ఇచ్చేవి ఆల్ఫా ఆమ్లాలు. కోన్ (హాప్స్ పువ్వు) రేకుల మధ్య పసుప్పచ్చ పొడిలా కనిపించే లుపులిన్‌లో ఇవి ఉంటాయి, గంటసేపు మరిగితే రూపం మారి చేదు దిగుతుంది. కొన్న ప్యాకెట్ మీద వాటి శాతం రాసి ఉంటుంది కాబట్టి ఎంత వేయాలో లెక్క కట్టొచ్చు. కాస్కేడ్‌కి మామూలుగా 4.5 నుంచి 7 శాతం అంటారు గానీ మన తీగకి ఈ ఏడాది ఎంత వచ్చిందో ల్యాబ్‌లో తేల్చుకుంటే తప్ప తెలియదు, ఎండ, నీళ్లు, కోసిన రోజు, ఆరబెట్టిన తీరు అన్నీ దాన్ని మార్చేస్తాయి. అందుకని నేను మరుగు మొదట్లో వేసే హాప్స్ కొన్నవే వాడతాను. ఇంటివి చివరి ఐదు పది నిమిషాల్లోనో, పులియడం అయ్యాక డ్రై హాపింగ్‌కో (మరిగించకుండా నేరుగా బీరులో నానబెట్టడం) వేస్తాను. వాసన నూనెలు, ముఖ్యంగా మిర్సీన్, ఎక్కువసేపు మరిగిస్తే ఆవిరైపోతాయి కాబట్టి ఎలాగూ ఇదే సరైన చోటు.

ఇక మొక్క సంగతి. నాటేది గింజ కాదు, వేరుదుంప ముక్క. హాప్స్‌లో ఆడ, మగ మొక్కలు వేరు, బీరుకు కావాల్సింది ఆడ మొక్క పూసే కోన్లే, దుంప నాటితే తల్లి మొక్క ఏదో అదే వస్తుంది. మొదటి ఏడాది దాని శక్తంతా వేళ్లకే పోతుంది, కోన్లు అంతంతమాత్రం. మూడో ఏడాదికి గానీ అసలు కాపు కనపడదు, ఆ ఓపిక లేనివాళ్లు నాటకపోవడమే మంచిది. ఇంకో ముఖ్యమైన విషయం పగటి పొడవు. ఈ పంటకు భూమధ్యరేఖకు అటూ ఇటూ 35 నుంచి 55 డిగ్రీల అక్షాంశాలు బాగా నప్పుతాయి, వేసవిలో పగలు బాగా సాగే చోట్లన్నమాట. అలాంటి పగలు లేని చోట తీగ బతికినా కోన్ల మీద పెద్ద ఆశ పెట్టుకోకండి.

పందిరి విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. ఊపందుకున్న రోజుల్లో ఇది రోజుకు జానెడు పెరుగుతుంది, ఐదారు మీటర్లు అలవోకగా ఎక్కేస్తుంది. నులితీగలు ఉండవు, కాండం మీది గరుకు నూగుతో పట్టుకుని సవ్యదిశలో చుట్టుకుంటూ పోతుంది. కొబ్బరి తాడు గరుగ్గా ఉంటుంది కాబట్టి దానికి భలే పట్టు, నైలాన్ తాడు మీద జారుతుంది. వసంతంలో వచ్చే పిలకల్లో బలమైనవి నాలుగైదు ఉంచి మిగతావి తీసేస్తాను, కింది అడుగు రెండడుగుల మేర ఆకులు కూడా దూసేస్తాను, గాలి ఆడితే బూజు తెగులు, బూడిద తెగులు చాలావరకు దగ్గరికి రావు. ఎండాకాలంలో ఎర్రనల్లి, పేనుబంక కోసం ఆకు వెనక చూస్తూ ఉండాలి. కోసేటప్పుడు పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, ఆ నూగు గీసుకుంటే చేతులు ఎర్రగా మండుతాయి. ఇంట్లో కుక్క ఉంటే హాప్స్ దాని నోటికి అందనివ్వకండి, వాడి పారేసినవి కూడా. కుక్కలకు అవి విషం, ఒంటి వేడి విపరీతంగా పెరిగి ప్రాణం మీదికి వస్తుంది.

కోతకు నా పరీక్ష ఇది: కోన్ నొక్కితే తడిగా అణిగిపోకుండా కాగితంలా గలగలమంటూ మళ్లీ పైకి రావాలి, చీల్చితే లోపల పొడి ముదురు పసుపులో ఉండాలి, వేళ్లకు జిగురంటాలి. పచ్చి కోన్‌లో 80 శాతం దాకా నీరే, అందుకే పచ్చివి వాడితే ఎండువాటికి నాలుగైదు రెట్లు తూకం వేస్తాను. కోసిన రోజే కాచిన బీరులో ఉండే ఆ పచ్చి ఆకు వాసన, దాని వెనకే నారింజ తొక్క, పూల వాసన, ఈ తీగ మీద పడ్డ శ్రమంతా మరిచిపోవడానికి నాకు ఇదొక్కటి చాలు. ప్యాకెట్‌లో కొన్న హాప్స్ గుళికల్లో అది రాదు. మిగిలినవి ఫ్యాన్ గాలికి నీడలో ఆరబెట్టి, నడి ఈనె విరిస్తే పుటుక్కుమనేదాకా ఉంచి, గాలి తీసేసిన కవర్లో పెట్టి ఫ్రీజర్‌లో దాస్తాను. గాలి తగిలితే కొన్నాళ్లకే మురిగిన చీజ్ కంపు మొదలవుతుంది.

రుచి చూడ్డం గురించి కూడా చెప్పాలి, పెంచాక నాకు బాగా మారింది అదే. కోన్ నలిపి వాసన చూసిన ముక్కుకు గ్లాసులో అదే వాసన ఇట్టే దొరుకుతుంది. కాస్కేడ్ 1972లో అమెరికాలో విడుదలైన రకం, అక్కడి పేల్ ఏల్ (లేత రంగు బీరు రకం) వాసన అనగానే చాలామందికి గుర్తొచ్చేది దీనిదే. 1980లో మొదలైన సియెరా నెవాడా పేల్ ఏల్ పక్కన మీ బీరు పెట్టి చూసుకోండి, ఎక్కడ తేడా ఉందో తెలిసిపోతుంది. మరీ చల్లగా తాగకండి, ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు ఆగండి, ముందు వాసన, తర్వాతే గుటక. సీసా ఎండలో పెట్టకండి. వెలుగు తగిలితే హాప్స్ చేదు పదార్థాలే విరిగి కంపు కొడతాయి, ముదురు గోధుమ రంగు సీసా వాడేది అందుకే.

రెండో తీగ పెట్టాలనుకుంటే చినూక్ (1985లో విడుదలైంది), సెంటెనియల్ (1990లో) రకాలు చూడండి. సిట్రా, మొజాయిక్ రకాలు ఇంట్లో పెంచుకుందామని చాలామంది అడుగుతారు, వాటి మీద హక్కులు సంస్థలవి, దుంపలు అమ్మరు. ఆ పేరుతో ఎవరైనా అమ్మితే కొనకండి.