కొడాక్, ఫ్యూజీ, క్యానన్: పెద్ద కుర్చీకి ఇంటివాడు మేలా, బయటివాడు మేలా?

ఫొటో కంపెనీల మాట వస్తే చాలు, ఒక తీర్పు సిద్ధంగా ఉంటుంది. డిజిటల్ కెమెరాలు వస్తున్న కాలంలో ఫిల్మ్ తప్ప మరేదీ తెలియని పాతకాపులు కొడాక్‌ను ముంచారు, బయటినుంచి ఎలక్ట్రానిక్స్ తెలిసిన మనిషిని తెచ్చుకుని ఉంటే బతికేది, అని. పేర్లూ ఏళ్లూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తీర్పు నిలవదు. కొడాక్ బయటివాణ్ని తెచ్చుకుంది, అదీ రెండుసార్లు. ఆ కష్టకాలంలో ఇంటివాడితోనే, అంటే కంపెనీలోనే ఎదిగినవాడితోనే నడిచిన ఫ్యూజీ మాత్రం గట్టెక్కింది.

కొడాక్ ఇంటివాళ్లలో కే విట్‌మోర్‌ది అచ్చమైన ఉదాహరణ. కెమికల్ ఇంజనీరు. 1957లో చేరి, మెట్టుమెట్టు ఎక్కి 1990లో సీఈఓ అయ్యారు. అప్పటికే కంపెనీ మెడకు స్టెర్లింగ్ డ్రగ్ చుట్టుకుని ఉంది. ఆ మందుల కంపెనీని 1988లో 510 కోట్ల డాలర్లు పెట్టి కొన్నారు. మనకు రసాయనాలు తెలుసు, మందులూ రసాయనాలే కదా అన్నది లెక్క. రసాయనం తెలియడం వేరు, కొత్త మందు తయారై అనుమతులు దాటి అమ్మకానికి వచ్చేదాకా ఏళ్లతరబడి డబ్బు పోస్తూ కూర్చోవడం వేరు. అప్పు పెరిగింది, ఖర్చు తగ్గలేదు. 1993లో బోర్డు విట్‌మోర్‌ను తప్పించింది.

ఆ కుర్చీలోకి మోటరోలా అధిపతి జార్జ్ ఫిషర్ వచ్చారు. అప్లయిడ్ మేథమేటిక్స్‌లో డాక్టరేట్, టెలిఫోన్ పరిశోధనకు పేరుపడ్డ బెల్ ల్యాబ్స్‌లో పదేళ్లు, ఆపైన సెల్‌ఫోన్ల కంపెనీ. కాగితం మీద ఇంతకన్నా సరిపోయే మనిషి దొరకరు. రాగానే స్టెర్లింగ్‌ను ముక్కలుగా అమ్మి అప్పు దించారు. అది బయటివాడే చేయగల పని. దాన్ని కొనాలని నిర్ణయించినవాళ్లతో ఆయనకు మొహమాటం లేదు.

తరువాత జరిగిందే చూడాల్సింది. మోటరోలాలో ఉండగా జపాన్ మార్కెట్ తలుపులు తెరిపించడానికి అమెరికా ప్రభుత్వంతో ఒత్తిడి తెప్పించిన అనుభవం ఆయనది. కొడాక్‌లోనూ అదే ఆయుధం తీశారు. ఫ్యూజీ మీద 1995లో వేసిన ఫిర్యాదు ప్రపంచ వాణిజ్య సంస్థ దాకా వెళ్లి వీగిపోయింది. 1998లో చైనాలో ఫిల్మ్ ఫ్యాక్టరీల కోసం 100 కోట్ల డాలర్లకు పైగా పెడతామని ఒప్పందం చేసుకున్నారు. ఎలక్ట్రానిక్స్ మనిషి చివరకు ఫిల్మ్ మీదే పందెం కాశారన్నమాట. ఎంత బయటివాడికైనా జీతాలకు డబ్బు వచ్చేది ఫిల్మ్ లాభాల్లోంచే మరి.

రెండో బయటివాడు ఆంటోనియో పెరెజ్. హెచ్‌పీలో పాతికేళ్లు, అందులో పేరు తెచ్చింది ఇంక్‌జెట్ ప్రింటర్ల విభాగం. 2003లో కొడాక్ ప్రెసిడెంటు, 2005లో సీఈఓ. 2007లో కొడాక్ ఇంక్‌జెట్ ప్రింటర్లు దించింది. ఎత్తుగడ తెలివైనదే. హెచ్‌పీ ప్రింటరు చవగ్గా ఇచ్చి ఇంకు మీద లాగుతుంది కాబట్టి, వీళ్లు ప్రింటరు ధర కాస్త పెంచి, నల్ల కార్ట్రిడ్జ్ 9.99 డాలర్లకు, కలర్ 14.99 డాలర్లకు పెట్టారు. చిక్కెక్కడంటే, ఇంకు వ్యాపారంలో లాభం ఇప్పటికే ఇళ్లలో ఉన్న ప్రింటర్లనుంచి వస్తుంది. హెచ్‌పీ ఆ పునాది 1984 నుంచి వేసుకుంటూ వచ్చింది. అంత కాలం ఓపిక పట్టడానికి కొడాక్ దగ్గర నగదు లేదు. 2012 జనవరిలో దివాలా రక్షణ కోరింది, అదే ఏడాది ప్రింటర్ల అమ్మకం ఆపేస్తామని చెప్పింది.

ఆ ప్రింటర్లు దించిన 2007లోనే కొడాక్ తన వైద్య చిత్రాల విభాగాన్ని, ఎక్స్‌రే వ్యాపారంతో సహా, 235 కోట్ల డాలర్లకు అమ్మేసింది. మరుసటి ఏడాది ఫ్యూజీ టొయామా కెమికల్ అనే మందుల కంపెనీని కొన్నది. ఇవాళ ఫ్యూజీలోని పెద్ద వ్యాపారాల్లో వైద్యం ఒకటి. పెరెజ్‌కు ప్రింటరు తెలుసు గనుక ప్రింటరు దగ్గర పెట్టుకున్నారు, ఎక్స్‌రే వదిలేశారు. నా దృష్టిలో కొడాక్ కథలో అన్నిటికన్నా ఖరీదైన నిర్ణయం అదే.

ఇక ఫ్యూజీ షిగెటాకా కొమోరి. రసాయన శాస్త్రజ్ఞుడు కారు, టోక్యో విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివారు. 1963లో చేరి, ముద్రణ సామగ్రి విభాగంలో చాలాకాలం పనిచేసి, 1996లో యూరప్ అధిపతిగా జర్మనీ వెళ్లి, 2000లో ప్రెసిడెంటు అయ్యారు. ప్రపంచంలో ఫిల్మ్ గిరాకీ శిఖరం ఎక్కింది సరిగ్గా ఆ ఏడే. పదేళ్లలో అది పదో వంతుకూ తక్కువకు పడిపోయింది.

కొమోరి ముందు తన పరిశోధకుల చేత ఇంట్లో ఏమేం ఉన్నాయో లెక్క తీయించారు. కలర్ ఫిల్మ్ అంటే 20 మైక్రాన్ల మందంలో ఇరవై దాకా పొరలు. అందులో జెలటిన్ ఉంది, అది చర్మంలో ఉండే కొల్లాజెన్ అనే ప్రొటీన్ నుంచి వచ్చేదే. రంగు వెలిసిపోకుండా ఆపే యాంటీ ఆక్సిడెంట్లు ఉన్నాయి. అవి రెండూ చర్మానికీ పనికొస్తాయి కాబట్టి 2007లో ఆస్టాలిఫ్ట్ సౌందర్య సాధనాలు వచ్చాయి. ఫిల్మ్‌కు ఆధారంగా వాడే ట్రైఎసిటేట్ రేకు ఎల్‌సీడీ తెరల్లో వెలుగును వడకట్టే పోలరైజర్లకు కావాలి, దానికోసం జపాన్‌లోని కుమామొటోలో కొత్త ఫ్యాక్టరీ కట్టారు. మరోపక్క ఫొటో విభాగంలో సుమారు 5,000 మందిని తగ్గించారు. ఇంటివాడు కాబట్టి అటకమీద ఏముందో వెతికించగలిగారు, ఫిల్మ్ అమ్మి ఎదిగినవాడు కాదు కాబట్టి దాన్ని కోయడానికి చేయి వణకలేదు.

క్యానన్‌లో ఫుజియో మితరాయ్‌దీ ఇలాంటి దారే. లా చదివి 1961లో చేరారు. 1966 నుంచి 1989 వరకు అమెరికాలోనే. 1995లో ప్రెసిడెంటు కాగానే నష్టాల్లో ఉన్న పర్సనల్ కంప్యూటర్లు, టైప్‌రైటర్లు మూసేశారు, ఫ్యాక్టరీల్లో కన్వేయర్ బెల్టు తీసేసి చిన్న చిన్న బృందాల పద్ధతి పెట్టారు. ఉద్యోగాలకు మాత్రం భద్రత ఉంచారు. లోటు లేదని కాదు. 2006లో ఒకరికి, 2016లో మరొకరికి ప్రెసిడెంటు కుర్చీ అప్పగించి, రెండుసార్లూ మళ్లీ తనే తీసుకోవాల్సి వచ్చింది. రెండోసారి, 2020లో, ఆయన వయసు 84. ఇంటివాణ్ని నమ్ముకునే కంపెనీకి ఇదే పెద్ద గండం, తరువాతివాడు తయారుకాడు.

కొడాక్‌లో ఫిషర్ తరువాత వచ్చిన డేనియల్ కార్ప్ కూడా ఇంటివాడే, లాటిన్ అమెరికా, యూరప్ తిరిగినవాడే కదా అని అడగొచ్చు. నిజమే. కాకపోతే దేశం మారినా ఆయన చేతిలోని ప్రధాన సరుకు ఫిల్మే. అందుకే నా ఓటు ఇంటివాడికి, ప్రధాన సరుకుకు దూరంగా పనిచేసి వచ్చినవాడైతేనే. అప్పులు పెరిగి విభాగాలు అమ్ముకోక తప్పనప్పుడు బయటివాడు మేలు, ఫిషర్ మొదటి రెండేళ్లలాగా.

ఈ తేడా కంపెనీలు ఇచ్చే పరిచయాల్లో సులభంగా కనిపించదు. అమెరికా కంపెనీలు వార్షిక సభకు ముందు పంపే ప్రాక్సీ స్టేట్‌మెంట్లో గత ఐదేళ్ల ఉద్యోగాలు చెబితే నిబంధన తీరిపోతుంది. మొదటి పదిహేనేళ్లు కావాలంటే ఆ మనిషిని నియమించిన రోజు వచ్చిన పత్రికా ప్రకటన వెతకాలి. జపాన్ కంపెనీల నివేదికల్లో డైరెక్టర్ల నైపుణ్యాలకు చుక్కలు పెట్టిన పట్టిక ఉంటుంది. ‘అంతర్జాతీయ అనుభవం’ దగ్గర దాదాపు అందరికీ చుక్క పడుతుంది కనుక దాన్ని వదిలేసి, ఏ విభాగపు లాభనష్టాలకు ఆయనే జవాబుదారుగా ఉన్నారో, ఆ విభాగం అప్పట్లో పెరుగుతోందో తరుగుతోందో పాత నివేదికల్లో చూడండి. బయటివాడైతే ఇంకొకటి కూడా: వచ్చిన రెండేళ్లలో పాత కంపెనీనుంచి ఎంతమందిని వెంట తెచ్చుకున్నారు, వాళ్లకు ఏ విభాగాలు ఇచ్చారు అన్నది.