పేషెంట్లకు టైం ప్రకారం వెళ్లే ఫారాలు: షుగర్ క్లినిక్‌లో చాలాకాలం వాడాక

విశాఖ మహారాణిపేటలో ఒక షుగర్, థైరాయిడ్ క్లినిక్‌లో ఫ్రంట్ ఆఫీసు, రికార్డులు నేను చూస్తాను. పేషెంట్ల నుంచి వివరాలు అడిగే మెసేజ్‌లను ముందే టైం పెట్టి, వాటంతటవే వెళ్లేలా చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి కోవిడ్ సద్దుమణిగినప్పటి నుంచి మా దగ్గర నడుస్తోంది. దాని పేరు రాయను. డెమోలో అన్నీ బాగానే కనిపిస్తాయి కాబట్టి, రోజూ వాడితే ఏం తెలుస్తుందో చెప్తాను.

అది చేసే పని సులువుగానే అర్థమవుతుంది. అపాయింట్‌మెంట్‌కి మూడు రోజుల ముందు పేషెంట్‌కి ఒక లింకు వెళ్తుంది. ఏ మందులు వాడుతున్నారు, ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు, ఇంట్లో చూసుకున్న షుగర్ ఎంత, కాళ్ల మీద పుండ్లేమైనా ఉన్నాయా అని అడుగుతుంది. నింపకపోతే ముందురోజు ఇంకోసారి గుర్తుచేస్తుంది. అప్పటికీ నింపనివాళ్ల పేర్లు మా స్క్రీన్ మీదికి వస్తాయి, వాళ్లకి మేం ఫోన్ చేస్తాం. ఇది కాక హెచ్‌బీఏ1సీ కోసం మూడు నెలలకోసారి వెళ్లేది ఒకటి ఉంది. ఆ రక్తపరీక్ష గడిచిన రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్తుంది కాబట్టి అంతకన్నా తొందరగా అడిగి ప్రయోజనం లేదు. ఇన్సులిన్ డోసు కొత్తగా మార్చినవాళ్లకి పొద్దుటి రీడింగ్ అడిగేది వారానికోసారి వెళ్తుంది.

మాకు అన్నిటికన్నా పనికొచ్చిన ప్రశ్న ఒకటే: మీరు వాడుతున్న మందులన్నీ ఒకచోట పరిచి ఫొటో పంపండి. ఇదివరకు డాక్టర్ గారి టైంలో సగం ఇక్కడే పోయేది. పేషెంట్ క్యారీబ్యాగ్ విప్పి టేబుల్ మీద కుమ్మరిస్తే అన్నీ ముక్కలే. మెడికల్ షాపులో నాలుగు మాత్రలు కత్తిరించి ఇస్తారు, పేరున్న భాగం షాపులోనే ఉండిపోతుంది. 'పొద్దున్న వేసుకునే తెల్లదండి' అంటే ఏ తెల్లది? ఇప్పుడు ఫొటో ముందే వస్తుంది, పేరు కనపడకపోతే తీరిగ్గా బిల్లు ఫొటో అడుగుతాం. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయన ఫొటోలో వేర్వేరు బ్రాండ్ల స్ట్రిప్పులు రెండు పక్కపక్కనే ఉన్నాయి. రెండిట్లోనూ ఉన్నది షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మినే. ఒకటి మేం రాసింది, ఇంకోటి వాళ్ల ఊళ్లో రాసింది. ఒకే మందు రెండింతలు పడి షుగర్ మరీ పడిపోతోంది, ఆయనకి మధ్యాహ్నాలు చెమటలు పట్టి కళ్లు తిరగడం అందుకే. అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా డాక్టర్ గారు అప్పుడే ఫోన్ చేసి ఒకటి ఆపించారు. ఈ సాఫ్ట్‌వేర్‌కి డబ్బులు ఎందుకు కడుతున్నామని ఎవరైనా అడిగితే నేను ఇదే చెప్తాను.

ఇక తిప్పలు. మొదట్లో పొద్దున్న ఏడింటికి పెట్టిన మెసేజ్ మధ్యాహ్నం పన్నెండున్నరకి వెళ్లేది. పరగడుపు రీడింగ్ అడిగే మెసేజ్ భోజనాల వేళకి చేరితే ఎవరైనా ఏం రాస్తారు? కారణం టైం జోన్. అకౌంట్ మొత్తానికి మన టైమే పెట్టి ఉంది. కానీ ఏ మెసేజ్ ఎప్పుడు వెళ్లాలో చెప్పే ఒక్కో రూల్‌కి టైం జోన్ విడిగా ఉంటుందట, అది యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉండిపోయింది. మనం దానికన్నా ఐదున్నర గంటలు ముందుంటాం. ఈ సంగతి కంపెనీ వాళ్లు చెప్పేసరికే చాలా రోజులు పట్టింది. సెలవుల క్యాలెండర్ చూస్తే ఇంకా నవ్వొస్తుంది. థ్యాంక్స్‌గివింగ్ ఉంది, సంక్రాంతి లేదు! కనుమ రోజు పొద్దున్నే 'మీ ఫాస్టింగ్ షుగర్ ఎంత?' అని మెసేజ్ వెళ్తే వచ్చే జవాబులు ఇక్కడ రాయలేను. పండగలన్నీ చేత్తో ఎక్కించుకున్నాం.

విశాఖలో అందరికీ ఒకే టైం పనికిరాదు. స్టీల్ ప్లాంటులో నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పడుకున్న మనిషి పొద్దుటి మెసేజ్‌కి జవాబివ్వడు. ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకి వెళ్లినవాళ్లు రోజుల తరబడి సముద్రంలోనే ఉంటారు. తిరిగొచ్చేసరికి మూడు రోజుల గడువు దాటి లింకు పనిచేయదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలల్లో మాత్రం వాళ్ల ఫారాలు బాగా నిండుతాయి. సాఫ్ట్‌వేర్‌లో పేషెంట్లని గుంపులుగా విడదీసి టైం, గడువు వేర్వేరుగా పెట్టే వీలుంది, దానికి మంచి మార్కులే వేయాలి. పాడేరు, అరకు వైపు వాళ్లలో సిగ్నల్ సరిగ్గా లేనివాళ్లకి లింకు తెరుచుకోదు. వాళ్లకి ఉత్త ఎస్ఎంఎస్ పంపి, వీలైనప్పుడు ఫోన్ చేయమంటాం.

ఎస్ఎంఎస్‌లో ఖర్చు సంగతి ముందే లెక్కేసుకోవాలి. ఇంగ్లిష్‌లో ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు పడతాయి, తెలుగులో 70 మాత్రమే. అది దాటితే 67 చొప్పున ముక్కలవుతుంది, ఒక్కో ముక్కకీ విడిగా చార్జీ. గుణింతాలు, ఒత్తులు కూడా విడిగా లెక్కకొస్తాయి కాబట్టి 70 అంటే మహా అయితే రెండు చిన్న వాక్యాలు. పైగా ప్రతి టెంప్లేట్‌నీ (ముందే రాసిపెట్టుకున్న మెసేజ్ నమూనాని) డీఎల్‌టీలో, అంటే సంస్థలు పంపే ఎస్ఎంఎస్‌ల కోసం టెలికాం కంపెనీలు నడిపే నమోదు వ్యవస్థలో రిజిస్టర్ చేయాలి. 2024 అక్టోబర్ 1 నుంచి లింకులని కూడా ముందే నమోదు చేయకపోతే టెలికాం కంపెనీలు ఆ మెసేజ్‌ని ఆపేస్తున్నాయి. అందుకే ఎక్కువమందికి వాట్సాప్‌కి మారాం. అక్కడా టెంప్లేట్‌కి అనుమతి తీసుకోవాలి. కానీ పేషెంట్ ఏదైనా రాశాక 24 గంటల దాకా మనం మామూలుగా మాట్లాడొచ్చు.

అన్నీ సరిగ్గా పెట్టినా లింకు నొక్కడానికి జనానికి భయం. 'ఏటమ్మా ఈ మెసేజు? నొక్కితే డబ్బులు పోతాయంట గదా' అని కౌంటర్ దగ్గరే అడిగారు ఒకావిడ. తప్పేముంది, మోసాలు అలా ఉన్నాయి మరి. ఇప్పుడు మొదటిసారి వచ్చినప్పుడే మా అమ్మాయిలు పేషెంట్ ఫోన్‌లో క్లినిక్ నంబర్ సేవ్ చేసిపెడతారు. ఇక్కడే ఒక ఫారం నింపించి చూపిస్తారు. సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని రిమైండర్లు పెంచినా రాని జవాబులు దీంతో వచ్చాయి.

నాకు అసలు కోపం తెప్పించేది వేరే ఉంది. పంపడానికి ఎన్ని రకాల వీలు ఉందో, ఆపడానికి అంత లేదు. ఫారం నింపితే రిమైండర్ ఆగుతుంది, సరే. అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేస్తే దానికి సంబంధించినవీ ఆగుతాయి. మూడు నెలలకోసారి వెళ్లేది మాత్రం ఎవరి మాటా వినదు, విడిగా వెళ్లి ఆపాలి. చనిపోయినవాళ్ల పేరు పక్కన గుర్తు పెట్టే చోటు కూడా చాలాకాలం దాకా లేదు. ఒకాయన పోయిన రెండు వారాలకి వాళ్లింటికి 'మీ పరీక్ష సమయం అయింది' అని వెళ్లింది. వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. తిట్టలేదు, నాన్న లేరండి అని చెప్పి పెట్టేసింది. అప్పటి నుంచి రేపు వెళ్లబోయే మెసేజ్‌ల లిస్టు సాయంత్రం ఒక మనిషి చదివాకే క్లినిక్ మూస్తాం. ఆటోమేటిక్ అని కొన్నదానికి మనిషి కాపలా ఏమిటని మా అకౌంటెంట్ గారు అంటారు, అననివ్వండి. మెసేజ్‌లు వద్దనుకున్నవాళ్లు ఇంగ్లిష్‌లో స్టాప్ అని కొడితేనే ఆగుతాయి. తెలుగులో 'ఆపండి' అంటే దానికి తెలియదు. డేటా రక్షణకి 2023లో చట్టం వచ్చింది. అనుమతి అడిగే నోటీసుని ఇంగ్లిష్‌లో గానీ, తెలుగుతో సహా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో గానీ చదువుకునే వీలివ్వాలని అందులో ఉంది. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవడం మాత్రం తెలుగులో కుదరకపోతే ఎలా?

ఒక ఫోన్, ఇద్దరు పేషెంట్లు అన్నది కూడా దీనికి అంతుపట్టని విషయం. భార్యాభర్తలిద్దరికీ షుగర్, రాసిచ్చింది హైదరాబాద్‌లో ఉన్న కొడుకు నంబర్. '142' అని జవాబొస్తే ఎవరిది? ముందు రిజిస్టరైనవాళ్ల ఖాతాలో వేసేస్తుంది. అందుకని నేరుగా రాసే జవాబులు తీసుకోవడం ఆపేసి, లింకు మాత్రమే ఉంచాం. లింకు తెరిచాక పుట్టిన తేదీ అడిగేది. ఆధార్‌లో జనవరి 1 అని పడినవాళ్లకి ఆ తేదీ ఎక్కడ గుర్తుంటుంది! అడగగా అడగగా, ఫైల్ అట్ట మీది నంబర్‌లో చివరి నాలుగంకెలు అడిగేలా మార్చారు. మెసేజ్‌లో జబ్బు పేరు ఎక్కడా రాకుండా మేమే చూసుకుంటాం. ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో తెలియదు.

రీడింగ్ 70 కన్నా తక్కువ వస్తే, అంటే షుగర్ మరీ పడిపోతే, ఎర్రగా చూపించి, డ్యూటీలో ఉన్నవాళ్లకి అలర్ట్ ఇస్తుంది. పగలు బాగుంది. రాత్రి పదకొండింటికి ఎవరైనా 54 అని నింపితే చూసేదెవరు? చూస్తున్నారనే పేషెంట్ అనుకుంటాడు. ఫారంలో మొదటి లైనే ఇలా పెట్టాం: ఇది రాత్రిళ్లు ఎవరూ చూడరు, కళ్లు తిరుగుతుంటే వెంటనే పంచదార నీళ్లు తాగి, ఇంట్లోవాళ్లని లేపండి, తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. కంపెనీ ఇచ్చిన ఫారంలో ఇలాంటిదేమీ లేదు.

ఈసారి కూడా రెన్యూ చేశాం. రోజుకి పాతిక ముప్పై మంది వచ్చి, ఎక్కువమంది పాతవాళ్లే అయిన క్లినిక్‌కి ఇది పనికొస్తుంది. జ్వరాలకి, దగ్గులకి వచ్చి వెళ్లేవాళ్లే ఎక్కువైతే దండగ. కొనేముందు మీ డేటాని ఎక్సెల్‌లోకి దించి చూపించమనండి. మాది దించితే తెలుగు జవాబులన్నీ పిచ్చి గుర్తులుగా వచ్చాయి. ఫైల్‌ని నేరుగా తెరవకుండా, ఎక్సెల్‌లో ఇంపోర్ట్ చేసి, అక్షరాల కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకుంటే సరిగ్గా వస్తాయి. కంపెనీ వాళ్లకి ఇది తెలియదు, మా పక్క ల్యాబ్‌లో కంప్యూటర్ చూసే కుర్రాడు చెప్పాడు.