కొర్రమీను గాలానికి చిన్న చేపలు: బాటిల్ బోను మేలా, విసురు వల మేలా?

కొర్రమీనుకో వాలుగకో గాలం వేసేవాళ్లకు ఎరగా గుచ్చడానికి బుట్టెడు పరకలు (చిన్న చేపలు) అక్కర్లేదు. రెండంగుళాల సైజువి, పొలుసు ఊడనివి, ముల్లుకు గుచ్చాక కూడా చురుగ్గా ఈదేవి ఓ పదిహేను చాలు. ఆ లెక్కన చూస్తే బోనే మేలు. ఐదు నిమిషాల్లో ఎన్ని పడ్డాయని చూస్తే వలే మేలు. తేడా అంతా చేప బకెట్లోకి చేరేటప్పటికి ఏ స్థితిలో ఉందన్న దాంట్లోనే ఉంది.

బాటిల్ బోనుకు ఖర్చు లేదు. 2 లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్ తీసుకుని, భుజం వంపు అయిపోయి ఒళ్లు నిటారుగా మొదలయ్యే చోట కోయాలి. మూత పారేసి, పై ముక్కను తిరగేసి లోపలికి దోపాలి. అంచు వెంట నాలుగు చోట్ల రంధ్రాలు చేసి, మూడింటికి ప్లాస్టిక్ ట్యాగులు బిగించి, నాలుగోదానికి మాత్రం విప్పుకునే తాడు ముడి వేయాలి. బాటిల్ మూతి లోపలి వెడల్పు 2 సెంటీమీటర్ల పైచిలుకే. సన్నపు పరకలు సులువుగా దూరతాయి, పొట్ట లావుగా ఉండే చేదు పరకల్లో పెద్దవి దూరవు. అవి కావాలంటే మెడ కోసేసి 3 సెంటీమీటర్లు చేయొచ్చు. అంతకు మించితే వచ్చినవి వచ్చిన దారినే పోతాయి. కోసిన అంచును గరుకు కాగితంతో రుద్దకపోతే చేప ఒళ్లు గీసుకుపోతుంది.

ఎక్కువమంది తప్పు చేసేది చిల్లుల దగ్గర. ఒంటికీ అడుక్కీ కలిపి 3, 4 మిల్లీమీటర్ల చిల్లులు ఓ యాభై ఉండాలి. సోల్డరింగ్ ఐరన్ అయితే పని తేలిక. చిల్లులు తక్కువైతే గాలి లోపలే చిక్కుకుని బోను పైకి తేలుతుంది, ఎర వాసన బయటికి పోదు, పడిన చేపలకు ఆక్సిజన్ అందదు. మునగడానికి పావుకిలో గులకరాళ్లు వేయాలి.

ఎరకు వేయించిన తవుడు రెండు పాళ్లు, పల్లి చెక్క పొడి ఒక పాలు, ముద్ద కట్టేంత గోధుమపిండి. నిమ్మకాయంత ఉండ చేసి పల్చటి గుడ్డలో మూట కట్టి బాటిల్ అడుగు వైపు పెట్టాలి. మూట కట్టకుండా పొడిపొడిగా వేస్తే నలుసులు చిల్లుల్లోంచి జారిపోతాయి, పరకలు బయటే తిని కడుపు నింపుకుంటాయి. బోను చుట్టూ చేపలు మూగి లోపల ఒక్కటీ లేకపోతే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే.

చెరువులో అయితే తుంగ అంచునో, గుర్రపుడెక్క నీడనో, ఒకటి రెండు అడుగుల లోతులో పెట్టాలి. అలుగు కింద కాలువలో అయితే మూతి దిగువ వైపు ఉండాలి: వాసన దిగువకు పోతుంది, చేపలు దాన్ని పట్టుకుని ఎదురీదుతూ వస్తాయి. అరగంట, ముప్పావుగంటకు ఎత్తి చూడాలి. రాత్రంతా వదిలేయడం దండగ. పచ్చగా పాచి పట్టిన నీళ్లలో తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది, ఇరుకు బాటిల్లో ఉన్నవి ముందు చస్తాయి.

గొడుగులా మడతపడే వల బుట్ట కూడా ఇదే పద్ధతి. కొల్లేరులో పెట్టే మావులనే వెదురు బోనులదీ ఇదే సూత్రం. చుట్టూ వలే కాబట్టి నీళ్లు ఆడతాయి, పాతిక చేపలైనా ఊపిరాడక చావవు. డబ్బు పెట్టేవాళ్లు దీన్నే కొనుక్కోవడం మంచిది. కాకపోతే మూతులు ఎక్కువ గనక ఆలస్యమైతే చేపలు బయటికీ పోతాయి, పీతలు వల కొరుకుతాయి, పరకల కోసం నీరుకట్టు పాము దూరుతుంది. విషం లేదు గానీ గట్టిగానే కరుస్తుంది. గట్టు మీదికి లాగి, లోపల ఏముందో చూశాకే చెయ్యి పెట్టాలి.

విసురు వల సంగతి వేరు. కన్ను లాగి పట్టుకుంటే 10, 12 మిల్లీమీటర్లే ఉండాలి. పెద్ద కన్నయితే పరకల మొప్పలు ఇరుక్కుని అక్కడికక్కడే చస్తాయి. సన్న కన్ను వల నెమ్మదిగా మునుగుతుంది కాబట్టి అంచు గుండ్లు బరువుగా ఉండాలి. ఎంత జాగ్రత్తగా దులిపినా కొన్నిటికి పొలుసు రాలుతుంది, అవి కాసేపటికే వెల్లకిలా పడతాయి. బుడ్డ జెల్లలు పడితే మరీ తంటా: రొమ్ము ముళ్లు వలకు చిక్కుకుంటాయి, విడదీసే వేలికి దిగుతాయి. ఇక సరూర్‌నగర్ లాంటి నిమజ్జనం జరిగే చెరువుల్లో విగ్రహాల ఇనుప చువ్వలూ కర్రలూ అడుగున మిగిలి ఉండొచ్చు, వల చిరగడానికి ఒక్కటి చాలు. అయినా వల తప్పని కాలం ఒకటుంది. డిసెంబర్, జనవరి పొద్దుటిపూట చలికి పరకలు మేతకు కదలవు, ఎండ ఎక్కేదాకా బోను ఖాళీగానే ఉంటుంది.

దోమతెరతోనో పాత చీరతోనో ఈడ్చడం మానాలి. వానాకాలంలో ఎర్రగా గుంపుగా తిరిగే కొర్రమీను పిల్లలు కూడా అందులో ఊడ్చుకొస్తాయి. రేపు గాలానికి పడాల్సినవి అవే.

వల వేసినా బోను పెట్టినా, చెరువు మీద హక్కున్న మత్స్య సహకార సంఘాన్ని ముందు అడగాలి. ఒడ్డున వల విప్పితే దొంగతనమనే అనుకుంటారు, బాటిల్ చూపించి అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. మంజీరా అభయారణ్యం జోలికి పోవద్దు, అక్కడ మొసళ్లు కూడా ఉన్నాయి. మూసీ, హుస్సేన్‌సాగర్ నీళ్లలో పట్టినవాటిని ఎరగా వాడకపోవడమే నయం, గాలానికి పడిన చేపను తినేది మనమే కదా.

పట్టినవాటిని అదే చెరువు నీళ్లలో ఉంచాలి, 10 లీటర్ల బకెట్‌కు పదిహేను చొప్పున. నల్లా నీళ్లు పోస్తే క్లోరిన్‌కు చస్తాయి. లీటరుకు 2 గ్రాముల దొడ్డు ఉప్పు వేస్తే వలలో నలిగినవి కొంత తేరుకుంటాయి. బ్యాటరీతో నడిచే గాలి మోటారు ఉంటే ఇంకా మంచిది. ఏప్రిల్, మే ఎండల్లో మూత బిగించిన ఐస్ బాటిల్ ఒకటి బకెట్లో తేలేయాలి, మేత మాత్రం వేయొద్దు.

మిగిలిన పరకలను పట్టిన చెరువులోనే వదలాలి, అది దూరమైతే ఫ్రీజర్‌లో పెట్టుకోవాలి. వాటిలో విదేశీ జాతులైన తిలాపియా పిల్లలో, గంబూసియాలో కలిసి ఉంటే, వేరే చెరువులో పోసినవాళ్లు ఆ చెరువుకు కూడా వాటిని అంటించినట్టే.