పెరటికి ఏది మేలు: తుమ్మెదా, నిమ్మ సీతాకోకచిలుకా?

వంగ, మునగ, నిమ్మ కలిసి పెరిగే పెరట్లో ఈ రెండింటిలో ఏది ఎక్కువ మేలు చేస్తుందని అడిగితే, నేను తడుముకోకుండా తుమ్మెద పేరే చెబుతాను. నల్లని రెక్కల మీద లేత పసుపు మచ్చలతో, వెనుక రెక్క అంచున ఎర్రని చుక్కతో ఎగిరే నిమ్మ సీతాకోకచిలుక అందానికి సాటి లేదు. (తోకరెక్కల సీతాకోకచిలుకల కుటుంబంలోదే అయినా దీనికి తోక ఉండదు.) అయితే పిల్లలు ఏం తిని పెరుగుతాయన్న దాన్ని బట్టే వీటి లెక్క తేలుతుంది.

తుమ్మెద పిల్లలకు పుప్పొడి, మకరందం కలిపిన ముద్దే ఆహారం. అందుకే తల్లి పుప్పొడిని పనిగట్టుకొని సేకరిస్తుంది, ఆ తిరుగుడులో దాని ఒంటి వెంట్రుకలకు అంటిన పొడి పువ్వు నుంచి పువ్వుకు చేరుతుంది. వంగ పువ్వు మీద దాని పనితనం చూసి తీరాలి. ఆ పువ్వు పుప్పొడి తిత్తులకు కొసన సన్నని రంధ్రాలు మాత్రమే ఉంటాయి. తుమ్మెద వాటిని కరచుకొని, రెక్కలు ఆడించకుండానే రెక్కల కండరాలను బలంగా కంపింపజేస్తే, ఆ ఝంకారానికి పుప్పొడి జలజలా రాలుతుంది. తేనెటీగలకు ఈ విద్య లేదు. చల్లని దేశాల్లోనూ మన హిమాలయాల్లోనూ బంబుల్ బీలు (ఒళ్ళంతా బొచ్చుండే, తేనెటీగల చుట్టాలు) ఇలాగే చేస్తాయి. మన మైదానాల్లో ఆ పని తుమ్మెదది. మునగ పూలకూ ఇది మంచి చుట్టం.

సీతాకోకచిలుక మాత్రం పొడవాటి తొండంతో మకరందం పీల్చుకుపోతుంది. పుప్పొడి అంటితే అంటినట్టు, లేకపోతే లేదు. దాని పిల్లలకు కావలసినవి నిమ్మ, నారింజ, కరివేప, మారేడు ఆకులు. మొదట పక్షి రెట్టలా, తర్వాత పచ్చగా కనిపించే ఆ గొంగళిపురుగులు లేత నిమ్మ మొక్కను మోడుగా మార్చగలవు. ఈ సీతాకోకచిలుక ఆసియా నుంచి వెళ్ళి 2004లో కరీబియన్ దీవుల్లోని డొమినికన్ రిపబ్లిక్‌లో కనిపించినప్పుడు అక్కడి నిమ్మజాతి తోటలకు బెంగ పట్టుకున్నది ఇందుకే.

తుమ్మెద ఎండు దూలాలకు, వెదురుకు తొర్రలు చేస్తుందన్న ఫిర్యాదు నిజమే. కానీ అది గూటి కోసమే, కొయ్యను తినదు. మగవాటికి కొండి లేదు; ఆడవి పట్టుకొని నలిపితే తప్ప కుట్టవు.

అలాగని గొంగళిపురుగుల మీద మందు చల్లడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే అది పక్కనే వంగ పూల మీద వాలే తుమ్మెదకూ తగులుతుంది. లేత మొక్క మీది పురుగులను చేత్తో తీసి, ఎదిగిన నిమ్మచెట్టు మీదికి మారుస్తాను. ఆ కాస్త ఆకు పోయినా పెద్ద చెట్టు తట్టుకుంటుంది.