సమ్మామిష్ నది బాటలో ఇత్తడి గంట: కొన్నేళ్ల వాడకం తర్వాత

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, రెడ్‌మండ్ ఊరి మేరీమూర్ పార్కు నుంచి బోథెల్ వరకు సాగే సమ్మామిష్ నది బాట మీద కొన్నేళ్లుగా నా రాకపోకలు సైకిల్ మీదే. పది మైళ్ల పైచిలుకు పొడవున్న ఈ తారు బాట బోథెల్ దగ్గర సియాటిల్ వైపు వెళ్లే బర్క్-గిల్మన్ అనే మరో బాటతో కలుస్తుంది. నడిచేవాళ్లు, పరుగెత్తేవాళ్లు, పిల్లల బండ్లు తోసుకెళ్లేవాళ్లు, కుక్కలను తిప్పేవాళ్లు, సైకిళ్లవాళ్లు అందరూ దీన్నే పంచుకోవాలి కనుక, వెనుక నుంచి దాటబోతున్న సంగతి ముందున్న మనిషికి ఎలా తెలియజేయాలన్నది ఇక్కడ రోజూ ఎదురయ్యే ప్రశ్న. అందుకు నేను వాడుతున్నది హ్యాండిల్‌కు బిగించిన ఒక చిన్న ఇత్తడి గంట.

దీనిలో పాత సైకిల్ గంటలకుండే పళ్ల చక్రాలు లేవు. గిన్నె పక్కన స్ప్రింగుకు అమర్చిన చిన్న సుత్తిని బొటనవేలితో లాగి వదిలితే ఒకే దెబ్బ పడి, నాదం కొన్ని క్షణాలపాటు సన్నగిల్లుతూ సాగుతుంది. వరుసగా గణగణలాడే గంట పక్కకు తప్పుకోమని అదిలించినట్లుంటే, ఇది వస్తున్నానని ముందుగా కబురు పెట్టినట్లుంటుంది. అందుకే విన్నవాళ్లు చాలావరకు కంగారుపడరు.

అయితే ఎంత మంచి గంటయినా ఎక్కడ మోగించామన్నదే ముఖ్యం. ఈ బాటపై వేగం గంటకు 15 మైళ్లు మించకూడదన్నది కౌంటీ (మన జిల్లా లాంటిది) నిబంధన. ఆ వేగంలో కూడా సైకిల్ సెకనుకు ఆరేడు మీటర్లు ముందుకు పోతుంది. పది మీటర్ల దూరంలో మోగిస్తే వినేవాళ్లకు రెండు సెకన్ల వ్యవధి కూడా చిక్కదు. ఉలిక్కిపడి ఎటో ఒకవైపు అడుగు వేస్తారు. ముప్పై మీటర్ల ముందే ఒకసారి మోగించి, వేగం తగ్గించి, వాళ్లు విన్నట్లు తల కదలికలో కనిపించాక దాటడం నాకు కుదిరిన పద్ధతి. కుక్క ఒక అంచున, యజమాని మరో అంచున ఉండి గొలుసుతాడు బాటకు అడ్డంగా సాగి ఉంటే ఆ వ్యవధి మరింత అవసరం.

వేసవిలో ఇండియా నుంచి పిల్లల దగ్గరికి వచ్చి సాయంత్రాలు ఇక్కడ నడిచే మన పెద్దవాళ్ల విషయంలో గంట ఒక్కటే చాలదు. ఇక్కడ కుడివైపు నడవాలి, ఎడమ నుంచి దాటాలి. జన్మంతా ఎడమవైపు నడిచిన అలవాటుతో వాళ్లు గంట వినగానే సరిగ్గా మేము దాటే వైపుకే జరుగుతారు. అది వాళ్ల తప్పు కాదు. అలాంటప్పుడు నేను దాదాపు నడక వేగానికి దిగి, “అంకుల్, మీరలాగే నడవండి, నేను ఎడమ పక్క నుంచి వెళ్తాను” అని తెలుగులోనే చెబుతాను. గుర్రాలు కనిపించినప్పుడు కూడా గంట కన్నా మాటే మేలు. మనిషి గొంతు వింటే అవి తక్కువగా బెదురుతాయి.

లోపాలూ ఉన్నాయి. వాన నీళ్లు గిన్నె మీద నిలిస్తే నాదం సగంలోనే తెగిపోతుంది. 520 హైవే వంతెన కింద వాహనాల హోరులో వినిపించదు. చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్లకు ఏ గంటా అందదు; అక్కడ వేగం తగ్గించి, బాగా ఎడంగా దాటడమే మార్గం. బిగించేటప్పుడు బ్రేకు తీగ గిన్నెకు తగలకుండా చూసుకోవాలి, తగిలితే ఇత్తడి గంటయినా రేకు డబ్బాలా టక్కుమంటుంది. మరమేకును నెలకోసారి బిగిస్తే చాలు. ఇంతకు మించి దీనికి పోషణ లేదు.