లండన్‌ను ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

లండన్ కథలకు కొదవ లేదు, అదే చిక్కు. పదేళ్ల పిల్లకు ఏది కొనాలి? పై చదువుకు అక్కడికి బయలుదేరుతున్న కుర్రాడి చేతిలో ఏది పెట్టాలి? ఎవరిని అడిగినా అవే పేర్లు చెబుతారు. అందుకని నాలుగు పుస్తకాలు తీసుకున్నాను, పిల్లలకు రెండు, పెద్దలకు రెండు. షెర్లాక్ హోమ్స్‌ను కావాలనే వదిలేశాను. ఆయనకు నా సిఫారసు అక్కర్లేదు. నేను చూసేది ఒక్కటే: కథను మరో ఊరికి మారిస్తే ఎంత పోతుంది?

పిల్లల విషయంలో మనకు ముందు గుర్తొచ్చేది చార్లెస్ డికెన్స్ 'ఆలివర్ ట్విస్ట్'. 1837 నుంచి 1839 దాకా పత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల. మనవాళ్లలో చాలామంది దీన్ని బడిలో సంక్షిప్త రూపంలో చదివినవాళ్లే. అందరికీ గుర్తుండే ఘట్టం, గిన్నె పట్టుకుని ఇంకొంచెం గంజి అడగడం, అసలు లండన్‌లో జరగదు. అనాథ పిల్లవాడు ఆలివర్ దాదాపు డెబ్భై మైళ్లు నడిచి, దారిలో బార్నెట్ దగ్గర దొంగపిల్లవాడు డాడ్జర్ తోడు దొరికాక, రాత్రిపూట లండన్‌లో అడుగుపెడతాడు. నవలకు అసలు బలం అక్కడి నుంచే. దొంగ బిల్ సైక్స్ వాణ్ణి తెల్లవారుజామున స్మిత్‌ఫీల్డ్ సంత మధ్యగా లాక్కెళ్లే పేజీ చూడండి. చీలమండల దాకా బురద, పశువుల ఒంటి మీంచి లేచే ఆవిరి, గొర్రెల అరుపులు, కుక్కలు, బేరాలు, తిట్లు. ఆ పశువుల సంత 1855లో మూతపడింది. ఇప్పుడు దాన్ని చూడాలంటే ఇలాంటి పేజీల్లోనే చూడాలి. సంక్షిప్త ప్రతుల్లో మొదట కత్తెర పడేదీ ఇలాంటి వర్ణనలకే. అందుకే పూర్తి నవల అయితేనే కొనండి, అదీ పద్నాలుగేళ్లు దాటిన పిల్లలకు. దొంగపిల్లల ముఠా నడిపే ఫేగిన్‌ను మాటిమాటికీ 'యూదుడు' అంటూ రాసిన తీరు గురించి పిల్లలతో పెద్దవాళ్లు మాట్లాడాలి. ఒక యూదు పాఠకురాలు ఈ విషయమై నిలదీస్తూ ఉత్తరం రాశాక డికెన్స్ తర్వాతి ముద్రణలో ఆ మాటను చాలాచోట్ల తీసేశాడు.

పదేళ్ల పిల్లకైతే మరో ఆలోచన లేకుండా మైకేల్ బాండ్ రాసిన 'ఎ బేర్ కాల్డ్ ప్యాడింగ్టన్' (1958). పెరూ నుంచి ఒంటరిగా వచ్చిన ఎలుగుబంటి పిల్ల, మెడలో చీటీతో రైల్వే స్టేషన్‌లో కూర్చుని ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో మెడలో చీటీలతో ఊళ్లు దాటించిన పిల్లలు రచయిత మనసులో ఉన్నారట. ఆ బరువు కథ మీద ఎక్కడా పడదు. ఒంటినిండా క్రీమ్ పూసుకున్న ఎలుగుబంటిని టాక్సీ ఎక్కించబోతే డ్రైవర్ అదనపు డబ్బులు అడుగుతాడు. భూగర్భ రైలు స్టేషన్‌లో కదిలే మెట్లు చూసి ఆ ఎలుగుబంటి పిల్ల కంగారుపడి, ఎమర్జెన్సీ బటన్ నొక్కి అందరినీ ఆపేస్తుంది. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకు ఎదురయ్యే ఇబ్బందులే ఇవి, కాకపోతే నవ్వు వస్తుంది. ఒక్కో అధ్యాయం ఒక్కో కథ కాబట్టి రాత్రిపూట చదివి వినిపించడానికీ వీలు.

పెద్దల పుస్తకాలకు వస్తే తూకం అంత సులువు కాదు. వర్జీనియా వూల్ఫ్ 'మిసెస్ డాలొవే' (1925) అంతా 1923 జూన్‌లో ఒక్క రోజు కథ. వెస్ట్‌మిన్‌స్టర్‌లో ఉండే గొప్పింటి ఇల్లాలు క్లారిసా డాలొవే సాయంత్రం విందుకు పూలు కొనడానికి బాండ్ స్ట్రీట్ వైపు నడుస్తుంది. మధ్యమధ్య బిగ్ బెన్ గంటలు. ఆకాశంలో విమానం ఒకటి పొగతో ఏదో ప్రకటన రాస్తుంటే కింద ఒకరు 'గ్లాక్సో' అని, ఇంకొకరు 'క్రీమో' అని, మరొకరు 'టాఫీ' అని చదువుతారు. మొదటి ప్రపంచయుద్ధంలో మనసు చెదిరిన సెప్టిమస్‌కు మాత్రం అది తనకే ఇస్తున్న సంకేతంలా కనిపిస్తుంది. ఒక నగరంలోని జనం ఒకే దృశ్యాన్ని ఎలా పంచుకుంటారో ఇంత బాగా చూపిన పేజీలు నేను మరెక్కడా చదవలేదు. కానీ ఒకటి, డాలొవేకు ఆ వీధులన్నీ ముందే తెలుసు. మనకు తెలియవు. మ్యాప్ దగ్గర లేకపోతే సగం నవల చేజారిపోతుంది.

శామ్ సెల్వన్ 'ది లోన్లీ లండనర్స్' (1956)లో అందరూ కొత్తవాళ్లే. సెల్వన్ ట్రినిడాడ్‌లో పుట్టినవాడు, తండ్రి వైపు మూలాలు మద్రాసులో ఉన్నాయి. పొగమంచు కమ్మిన శీతాకాలపు సాయంత్రం, ట్రినిడాడ్ నుంచి ముందే వచ్చిన మోజెస్ 46వ నంబరు బస్సెక్కి వాటర్లూ స్టేషన్‌కు బయలుదేరతాడు, ఊరి నుంచి వస్తున్న గలహాడ్‌ను కలుసుకుని తీసుకురావడానికి. మర్నాడు గలహాడ్ ఒక్కడే పని వెతుక్కుంటూ బయటికొస్తాడు. ఆకాశంలో సూర్యుడున్నాడు గానీ వేడి లేదు, బలవంతంగా మాగబెట్టిన నారింజలా ఉన్నాడు. అంతే, గుండె జారిపోతుంది. ఆకలి రోజుల్లో ఇతగాడే పార్కులో పావురాన్ని పట్టి వండుకుంటాడు. అక్కడున్న మన పిల్లల గదుల్లో ఆదివారాలు ఎలా గడుస్తాయో విన్నవాళ్లకు మోజెస్ గదిలో చేరే మిత్రబృందం కొత్తగా అనిపించదు. అమ్మాయిల గురించి వీళ్ల మాటలు మాత్రం ఇప్పుడు చదివితే చిరాకు పుట్టిస్తాయి.

శిల్పంలో వూల్ఫ్‌దే పైచేయి, అందులో సందేహం లేదు. అయినా మొదట చదవాల్సింది సెల్వన్‌నే అంటాను. గలహాడ్‌తో పాటు మనమూ దారి తప్పి, దారి నేర్చుకుంటాం. తర్వాత డాలొవే వెంట నడవడం తేలిక.

చదివేవాళ్లను ఆపేది ఒక్క భాషే. మొదట మామూలు ఇంగ్లీషులో రాయబోతే కథ సాగలేదని, తన ఊరి యాసలోకి మారాకే కదిలిందని సెల్వన్ చెప్పుకున్నాడు. మాండలికంలో కథలు చదివిన తెలుగువాళ్లకు ఇదేమీ వింత కాదు. మొదటి పేజీలు పైకి చదవండి. సామాను ఏదని మోజెస్ అడిగితే గలహాడ్ దగ్గర పళ్లు తోముకునే బ్రష్ తప్ప ఏమీ లేదని తేలే చోటికి వచ్చేసరికి యాస సంగతే మరిచిపోతారు.