జపాన్‌కు వేసుకపోయిన హన్మకొండ బూట్లు

బిడ్డ దగ్గరికి ఒసాకా పోయేముందు హన్మకొండ చౌరస్తాల ఒక చెప్పుల దుకాణంల ఈ నల్ల బూట్లు తీసుకున్న. లేసుల్లేవు, 850 రూపాయలు. దుకాణపాయన నడకకు మంచిదని లేసుల బూట్లే చేతుల వెట్టిండు, నేను వద్దన్న.

అక్కడ ఇంట్లకు అడుగువెట్టంగనే కిందికి ఒక చిన్న జాగ ఉంటది, గెన్‌కాన్ అంటరు. బూట్లు అక్కడ ఇడిసి నేరుగ పై మెట్టు మీదికి ఎక్కాలె. ఇడిసిన కాలు మళ్ల ఆ కింది నేలకు ఆననియ్యొద్దు, బయటి దుమ్ము సాక్సులకంటి ఇల్లంత తిరుగుతది గద. ఎక్కినంక వంగి బూట్ల మూతులు తలుపు దిక్కు తిప్పి పెట్టాలె. ఇండ్లల్ల, ర్యోకాన్లల్ల (అక్కడి పాతపద్ధతి సత్రాలు), కింద కూసోని తినే కొన్ని హోటళ్లల్ల ఇదే పని. నా మోకాళ్లతోని ప్రతిసారి లేసులు కట్టుకుంట కూసుంటే అయ్యేదేనా! ఇవి కాలు తోస్తె ఎక్కినయి, మడిమ తొక్కితె ఊడినయి. 5 మార్కులకు 4. ఒకటెందుకు తగ్గించిన్నంటే, తడి రాళ్ల మీద అడుగు జారుతది.

సాక్సులు కూడ ఆ హన్మకొండ దుకాణంలనే తీసుకున్న, వాటికి సున్న. నాలుగు ఉతుకులన్న గాకముందే బొటనవేలు బయటికొచ్చింది. మన భద్రకాళి గుడికి వట్టి కాళ్లతోనే పోతం, సాక్సులెవరు చూస్తరు? అక్కడ బూట్లు ఇడిసినంక కనవడేవి అవే. ఒకరింటికి పోయి వట్టి కాళ్లతో తిరుగుడు మర్యాద కాదంటరు. క్యోటోల నిజో కోట ఉన్నది, 1603ల అప్పటి జపాన్‌ను ఏలిన తొకుగావా ఇయెయాసు కట్టించింది. అందుల నినోమరు మహల్ల బూట్లు అరల పెట్టి సాక్సులతోనే నడవాలె. చెక్కనేల అడుగడుగుకు పిట్ట లెక్క కూస్తది. అందరు నేల దిక్కే చూస్తుంటే నేను వేలు ముడుసుకోని నడిసిన. జనవరి చలి వేరే! మందం సాక్సులు, కొత్తయి, రెండు జతలు ఎక్కువనే పెట్టుకోండ్రి.

ఇంట్ల స్లిప్పర్లు ఇస్తరు. తతామి అనే గడ్డి చాపలున్న అర్రలకు అవి కూడ ఇడిసి పోవాలె. లెట్రిన్‌కు ఇంకో జత, అది ఆడనే ఇడిసి రావాలె. ర్యోకాన్ల యుకాతా అనే పల్చటి నూలు అంగీ ఇస్తే ఎడమ అంచు పైకి రావాలె, కుడిది పైకి వేసేది శవానికి.

పెద్ద కాళ్లోళ్లు బూట్లు ఇక్కడ్నే కొనుక్కోండ్రి. అక్కడ సైజు సెంటీమీటర్లల్ల ఉంటది, మామూలు దుకాణాలల్ల 28 దాటినయి దొరుకుడు కష్టం.